పన్నెండడుగుల పడవకు మోటారు

చేపలు పట్టడానికి ఇవాళ అమ్మే కయాక్‌కూ, కయాక్ పుట్టింటి పడవకూ పోలిక తక్కువ. గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్ వేటగాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకలతో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మం బిగించి చేసుకున్నది ఐదు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న సన్నటి పడవ. వేటగాడు దానిలో కూర్చున్నాడనడం కన్నా దాన్ని తొడుక్కున్నాడనడం నయం. అమెరికా సరస్సుల మీద కనిపించే ఫిషింగ్ కయాక్ సంగతి వేరు. పాలిథిన్ పొడిని అచ్చులో పోసి, అచ్చును తిప్పుతూ వేడిచేసి తయారుచేస్తారు. పన్నెండడుగుల పొడవు, మూడడుగులకు కాస్త తక్కువ వెడల్పు. పైన కుర్చీ, గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు, ఎర డబ్బాలు, ఐసుపెట్టె. కాస్త సాధన ఉంటే దానిమీద లేచి నిలబడి గాలం విసరవచ్చు.

అలా నిలబడగలగడం వెడల్పు పుణ్యమే. అదే వెడల్పుతో బరువూ పెరిగింది, నీటి అడ్డూ పెరిగింది. ఇన్యుయిట్ పడవ ఒక్క తెడ్డువేటుకు జారిపోయేంత దూరం పోవాలంటే ఈ పడవకు రెండు మూడు వేట్లు కావాలి. పైగా తెడ్డు పట్టుకున్న చేతులు గాలం పట్టలేవు. 1997లో హోబీ కంపెనీ కాళ్లతో తొక్కితే నీటి కింద రెండు రెక్కలు ఆడే యంత్రాన్ని తెచ్చి చేతులకు విడుదల కల్పించింది. కాళ్లకు కూడా విడుదల కావాలనుకున్నవాళ్లు ఎలక్ట్రిక్ మోటారు బిగించుకున్నారు. కయాక్‌ను వెడల్పు చేసి తెచ్చుకున్న చిక్కుకు ఇది విరుగుడు అన్నమాట.

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని పౌండ్ల మోటారు కావాలి?’ అనే. ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ఎంత వేగంగా పోవచ్చన్నది మోటారు తేల్చే విషయం కాదు, పడవ పొడవు ఎప్పుడో తేల్చేసిన విషయం.

ఈ సంగతిని లెక్కకు ఎక్కించినవాడు ఇంగ్లండ్ ఇంజినీరు విలియం ఫ్రూడ్. 1860లలో ఆయన ‘స్వాన్’, ‘రేవెన్’ అని పేర్లు పెట్టిన నమూనా పడవలను డార్ట్ నదిలో లాగి, ఎంత వేగానికి ఎంత అడ్డు వస్తుందో కొలిచాడు. బ్రిటిష్ నౌకాదళం డబ్బుతో టార్కీలోని తన ఇంటి దగ్గరే పొడవాటి నీటితొట్టి కట్టించాడు. 1872లో అక్కడ పరీక్షలు మొదలయ్యాయి. పడవకు ఎదురయ్యే అడ్డును ఆయన ముఖ్యంగా రెండు భాగాలు చేసి చూశాడు. ఒకటి, నీరు పడవ ఒంటిని రాచుకుంటూ పోవడం వల్ల వచ్చేది. రెండోది, పడవ తాను పోతూ లేపే అలల వల్ల వచ్చేది. అల లేపడానికి శక్తి ఖర్చవుతుంది, ఆ శక్తి పడవదే.

లోతైన నీటిలో అల వేగం దాని పొడవును బట్టి ఉంటుంది. ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఎన్ని మీటర్లో చూసి, ఆ అంకె వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే అల వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. పడవ వేగం పెంచేకొద్దీ అది లేపే అల కూడా పొడవు సాగుతుంది, ఎందుకంటే ఆ అల పడవతో సమానంగా పరుగెత్తాలి. ఒక దశలో ముందుభాగం దగ్గర ఒక శిఖరం, సరిగ్గా వెనుకభాగం దగ్గర ఇంకో శిఖరం నిలుస్తాయి. అంతకు మించి వేగం పెంచబోతే రెండో శిఖరం పడవను వదిలి వెనక్కి జరుగుతుంది. వెనుకభాగం పల్లంలోకి దిగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, పడవ తన అలను తానే ఎక్కాల్సి వస్తుంది. మన పన్నెండడుగుల కయాక్ నీటిని తాకే పొడవు 3.4 మీటర్లు అనుకుంటే ఈ హద్దు గంటకు 8.3 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. స్పీడ్‌బోట్లు ఆ అలను ఎక్కి నీటి మీద తేలిపోతాయి, కానీ వాటి వెనుక పదుల హార్స్‌పవర్లు ఉంటాయి, అడుగుభాగం కూడా అందుకు తగ్గట్టు చదునుగా ఉంటుంది. కయాక్‌కు ఆ దారి లేదు. కొల్లేటి తాటిదోనెకైనా లెక్క ఇదే.

హద్దు అంటే గోడ కాదు, ఎక్కేకొద్దీ నిటారయ్యే మెట్ట. మనిషి, పడవ, సామాను, మోటారు, బ్యాటరీ కలిపి 150 కిలోలు అనుకుందాం. ఇలాంటి వెడల్పాటి పడవకు గంటకు 4 కిలోమీటర్ల వేగంలో నీటి అడ్డు సుమారు 10 న్యూటన్లు, అంటే కిలో బరువును ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత బలం. 6 కిలోమీటర్ల దగ్గర 25 న్యూటన్లు. 8 దగ్గర 70. ఇవి అంచనా అంకెలు. అడుగుభాగం ఆకారాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతాయి కానీ పెరిగే తీరు మారదు. బలాన్ని వేగంతో గుణిస్తే కావలసిన శక్తి తెలుస్తుంది: 4 దగ్గర 11 వాట్లు, 6 దగ్గర 42, 8 దగ్గర 155. వేగం రెట్టింపు, ఖర్చు పద్నాలుగు రెట్లు! నీటి రాపిడి ఒక్కటే ఉంటే ఎనిమిది రెట్లతో సరిపోయేది, మిగతాది అల వసూలు చేసుకున్నది.

ఇప్పుడు పౌండ్ల దగ్గరికి వద్దాం. చేపల వేటకు వాడే ఈ చిన్న ఎలక్ట్రిక్ మోటార్లను ట్రోలింగ్ మోటార్లంటారు. వాటి మీద రాసి ఉండే 30 పౌండ్లు, 55 పౌండ్లు అనేవి శక్తి కొలతలు కావు. పడవను గట్టుకు కట్టేసి, ఆ తాడుకు త్రాసు తగిలించి, మోటారును పూర్తి జోరుతో తిప్పితే త్రాసు చూపే అంకె అది. కదలని పడవను ఎంత బలంతో తోసినా జరిగిన పని సున్నా. 30 పౌండ్లంటే సుమారు 133 న్యూటన్లు. మన కయాక్ 6 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 25 చాలని చూశాం కదా, మరి అంత బలం పెట్టుకుని కూడా 30 పౌండ్ల మోటారు పడవను ఎగరేసుకు పోదేం? పడవ కదిలేకొద్దీ ఆ బలం తరిగిపోతుంది గనుక. ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఎంత దూరం ముందుకు జరగాలని మలిచారో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఆ రెండిటి లబ్ధమే దానికి పై హద్దు. పడవ వేగం ఆ అంకెను సమీపించేసరికి రెక్కలకు పట్టుదొరకదు. ట్రోలింగ్ మోటార్లను నెమ్మదిగా, బరువుగా తోయడానికే మలుస్తారు. అందుకే 55 పౌండ్ల మోటారు పెట్టినా 30 పౌండ్ల మోటారు కన్నా పై వేగంలో పెద్ద తేడా రాదు. తేడా కరెంటులో వస్తుంది. 12 వోల్టుల దగ్గర చిన్నది పూర్తి జోరులో 30 ఆంపియర్లు తాగితే పెద్దది 50 తాగుతుంది. బరువైన అల్యూమినియం పడవకు 55 పౌండ్లు న్యాయమే. పన్నెండడుగుల కయాక్‌కు అది డాబు అనే నా అభిప్రాయం.

ప్రొపెల్లర్ విషయంలో కూడా నెమ్మదే గెలుస్తుంది. పడవ ముందుకు పోవాలంటే నీటిని వెనక్కి తోయాలి. ఎక్కువ నీటిని మెల్లగా తోసినా, కొంచెం నీటిని వేగంగా తోసినా ఒకే బలం రాబట్టవచ్చు. కానీ తోసే బలం నీటి వేగాన్ని బట్టి పెరిగితే, వృథా అయ్యే శక్తి ఆ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్కాట్లండ్ శాస్త్రవేత్త రాంకిన్ 1865లోనే ఈ సిద్ధాంతానికి పునాది వేశాడు. వెడల్పైన రెక్కలు మెల్లగా తిరగడం మేలు, చిన్న రెక్కలు గిర్రున తిరగడం ఖర్చు. అయితే కయాక్ వాడేది లోతులేని నీటిలో, నాచులో, దుంగల మధ్య. పెద్ద ప్రొపెల్లర్ అక్కడ నేలకు తగులుతుంది. ఈ రాజీలన్నీ అయ్యాక చిన్న మోటార్లలో బ్యాటరీ ఇచ్చినదానిలో మూడోవంతు పడవను కదిలించడానికి మిగిలిందనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. అప్పుడు 4 కిలోమీటర్ల వేగానికి బ్యాటరీ నుంచి 35 వాట్లు, 6 కి 130 వాట్లు పోతాయి. 30 పౌండ్ల మోటారును పూర్తిగా తెరిస్తే 360 వాట్లు పోయి, పడవ 7.5 దగ్గర ఆగిపోతుంది. 8 అందదు.

నిజానికి బ్యాటరీ పడవ కథ మొదలైంది కూడా నడక వేగంతోనే. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్స్ యాకోబీ, జార్ చక్రవర్తి ఇచ్చిన డబ్బుతో, నెవా నదిలో డజను మందికి పైగా ఎక్కించుకున్న పడవను మోటారుతో నడిపాడు. జింకు పలకల బ్యాటరీలు పడవలో చాలా చోటు మింగేశాయి. 1881లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే సేన్ నది మీద ఇంకో అడుగు వేశాడు. మోటారు, ప్రొపెల్లర్, చుక్కాని మూడూ ఒకే ముక్కగా చేసి, పడవ వెనుక తగిలించి తీసేసే ఏర్పాటు చేశాడు. అంటే ఇవాళ కయాక్ వెనుక తగిలించేదానికి తాత అదే. ఇక చేపల వేటకు తగిన ట్రోలింగ్ మోటారు ఓ.జి. ష్మిట్ అనే అమెరికన్ 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో తయారుచేశాడు. మిన్నసోటా పక్కనే ఉన్న ఊరు కావడంతో రెండు రాష్ట్రాల పేర్లూ అతికించి ఆ మోటారుకు మిన్ కోటా అని పేరుపెట్టారు. అప్పటి నుంచి అరవయ్యేళ్లకు పైగా మోటార్లు మెరుగవుతూ వచ్చినా వాటికి తోడుగా పడవ ఎక్కింది మాత్రం అదే సీసపు బ్యాటరీ.

సీసపు బ్యాటరీతో కయాక్‌కు రెండు తంటాలు. ఒకటి బరువు: 12 వోల్టులు, 50 ఆంపియర్-అవర్లు రాసి ఉన్నది పదిహేను కిలోలకు పైనే తూగుతుంది. రెండోది, ఆ 50 అన్న మాట షరతులతో కూడినది. ఇరవై గంటల పాటు మెల్లగా, రెండున్నర ఆంపియర్ల చొప్పున తోడుకుంటేనే అది నిజం. తొందరపెడితే దాచుకుంటుంది. ఈ గుణాన్ని జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ 1897లో సూత్రంగా రాశాడు. 30 ఆంపియర్లు లాగితే 50లో 30 దాకానే చేతికి రావచ్చు. అదీగాక సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తరిగిపోతుంది.

కయాక్ మోటారును అందరికీ అందుబాటులోకి తెచ్చింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఎనఫ్, ఎ.కె. పాఢి, కె.ఎస్. నంజుండస్వామి 1997లో ప్రచురించిన పరిశోధన దీనికి ఆధారం. గుడ్‌ఎనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది. ఈ రకం 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఆరు కిలోల దగ్గర ఉంటుంది, 12.8 వోల్టుల చొప్పున 640 వాట్-అవర్లు దాచుకుంటుంది, లాగే తొందరను పెద్దగా పట్టించుకోదు. చివరి దాకా తోడకుండా 500 వాడుకుందామని నియమం పెట్టుకోండి. పూర్తి జోరులో గంటా ఇరవై నిమిషాలకు పది కిలోమీటర్లు పోయి అయిపోతుంది. 6 కిలోమీటర్ల వేగంతో దాదాపు నాలుగు గంటలు, 23 కిలోమీటర్లు. 4 కిలోమీటర్ల వేగంతో పద్నాలుగు గంటలు, యాభై కిలోమీటర్ల పైన! ఎరను నీటిలో ఈడ్చుకుంటూ చేపను ఆశపెట్టే పనికి గంటకు రెండు నుంచి ఐదు కిలోమీటర్లే కావాలి. చేపకు నచ్చే వేగమూ, బ్యాటరీకి నచ్చే వేగమూ ఒకటే కావడం అదృష్టం.

దీని మంచి గుణమే ఒక ఇబ్బంది కూడా. సీసపు బ్యాటరీ అలసిపోతుంటే మోటారు గొంతు తగ్గి ముందే చెబుతుంది. లిథియం బ్యాటరీ వోల్టేజి చివరి దాకా ఇంచుమించు సమంగా ఉంటుంది. లోపలి రక్షణ సర్క్యూట్ ‘చాలు’ అనుకున్న క్షణాన కరెంటు టక్కున ఆగిపోతుంది. వోల్టుమీటరు చూసి ఎంత మిగిలిందో పోల్చుకోవడం కుదరదు. పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే మీటరు కావాలి.

మోటారు వేగం తగ్గించే పద్ధతి మీద కూడా ఈ లాభమంతా ఆధారపడి ఉంది. ఐదు గేర్ల పాతరకం మోటార్లలో వేగం తగ్గించడమంటే దారిలో ఒక తీగచుట్టను అడ్డు పెట్టడం. మోటారుకు పోవలసిన శక్తిలో కొంత ఆ చుట్టలో వేడిగా మారి నీటిలో కలుస్తుంది. మెల్లగా పోయి ఆదా చేద్దామనుకున్నవాడికి సగం ఆదాయే దక్కుతుంది. కొత్త రకాలు కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతాయి. వదిలిన కాలం, ఆపిన కాలం నిష్పత్తే వేగం. దారిలో వేడెక్కే అడ్డు ఏమీ లేదు. మోటారు కొనేటప్పుడు పౌండ్ల కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది.

తీగ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. బ్యాటరీ నుంచి మోటారుకు రెండు మీటర్లుంటే పోయి రావడానికి నాలుగు మీటర్ల రాగి. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి 30 ఆంపియర్లు పంపితే దానిలోనే 25 వాట్లు వేడిగా పోతాయి, అది 4 కిలోమీటర్ల వేగంతో పడవను తోయడానికి నీరు అడిగేదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం ఆరు వాట్లకు దిగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మూడు ఆంపియర్లతో మెల్లగా పోయేవాడికి ఏ తీగైనా ఒకటే, కానీ తీగను ఎంచుకోవలసింది ఎదురుగాలి రోజును దృష్టిలో పెట్టుకుని. ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి. ఎక్కడో మోటారు దగ్గర పెడితే మధ్యలో తీగ నలిగి కలిసినప్పుడు అది కాపాడలేదు.

ఎదురుగాలి అన్నాను కదా, ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ గాలి లేని రోజువి. కుర్చీలో కూర్చున్న మనిషి, గాలం కర్రలు, డబ్బాలు కలిసి మంచి తెరచాప. గంటకు 25 కిలోమీటర్ల గాలికి ఎదురుగా 5 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి అడ్డు సుమారు 25 న్యూటన్లు, నీటి అడ్డు 17. గాలి నీటిని మించిపోయింది. కావలసిన శక్తి 58 వాట్లు, అదీ పడవకు చేరేది. అంత శక్తిని తెడ్డుతో గంటలకొద్దీ ఇవ్వడం మామూలు మనిషికి గగనం. టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల రిజర్వాయర్ల మీద అలాంటి గాలి వింత కాదు. బ్యాటరీ నుంచి 175 వాట్లు పోతాయి కాబట్టి 500 వాట్-అవర్లతో 14 కిలోమీటర్లు. పొద్దున ప్రశాంతంగా ఉన్న నీటి మీద మెల్లగా ఇరవై కిలోమీటర్లు పోయి, మధ్యాహ్నం గాలికి ఎదురు తిరిగి రావాలనుకునేవాడికి తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. గాలి ఎటు నుంచి వీస్తుందో ముందు అటు పోయి, వచ్చేటప్పుడు దాన్ని వెనక పెట్టుకోవాలి.

నదిలోనో, ఆటుపోట్లున్న కయ్యలోనో ప్రవాహానికి ఎదురు పోయేటప్పుడు మరో చిత్రం. అక్కడ మరీ మెల్లగా పోవడం నష్టం. నీరు గంటకు 2 కిలోమీటర్లు వెనక్కి లాగుతుంటే, 2 వేగంతో పోయేవాడు గంటల తరబడి బ్యాటరీ ఖర్చుచేసి ఉన్నచోటే ఉంటాడు. మరీ వేగంగా పోతే ఘనపు లెక్క మీద పడుతుంది. మధ్యలో ఎక్కడో చవకైన వేగం ఉండాలి. శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుందని తీసుకుని కలన గణితం వేస్తే జవాబు ముచ్చటగా వస్తుంది: ప్రవాహ వేగానికి ఒకటిన్నర రెట్లు. 2 కిలోమీటర్ల ప్రవాహంలో నీటిమీద 3 వేగం పెట్టుకుంటే, గట్టు పక్కన గంటకు ఒక్క కిలోమీటరే జరుగుతున్నా, దూరానికి అయ్యే ఖర్చు అక్కడే కనిష్ఠం.

మోటారు ఎక్కడ బిగించాలన్నది తూకం ప్రశ్న. వెనుకభాగం చివర మోటారు, దాని పక్కనే బ్యాటరీ పెడితే వెనుక మునిగి ముందు తేలుతుంది, నీటిని తాకే పొడవు తగ్గి మన 8.3 హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అందుకే బ్యాటరీని ముందుకు, కాళ్ల దగ్గరో కుర్చీ కిందో, వీలైనంత అడుగున పెడతారు. అడుగున ఉన్న బరువు పడవకు నిలకడ కూడా ఇస్తుంది. పక్కకు తిప్పే మోటారుతో ఇంకో జాగ్రత్త ఉంది. ప్రొపెల్లర్ నీటి మట్టానికి అర మీటరు లోతున ఉండి, మోటారును అడ్డంగా తిప్పి పూర్తి జోరు ఇస్తే 133 న్యూటన్లు పడవను పక్కకు ఒరగదోస్తాయి. 80 కిలోల మనిషి ఒక్కసారిగా ఎనిమిది సెంటీమీటర్లు పక్కకు జరిగినంత ప్రభావం అది. కూర్చున్నవాడు సర్దుకుంటాడు. గాలం విసురుతూ నిలబడినవాడు నీళ్లలో ఉంటాడు. మనిషి పడిపోతే మోటారు ఆగేలా ఒంటికి తాడుతో కట్టుకునే స్విచ్ ఉండాలి, లేకపోతే మనిషి లేని పడవ తన దారిన తాను పోతుంది.

చేపల వేటకే ప్రత్యేకమైన చెడు ఒకటుంది. తెగిన గాలపు తాడు ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకుంటుంది. బయటికి కనబడదు. తిరిగేకొద్దీ బిగుసుకుని, నీరు లోపలికి రాకుండా ఉన్న సీలును కోసేస్తుంది. మోటారు పాడైన కారణం వెతికితే చాలాసార్లు దొరికేది గుప్పెడు నైలాను. అప్పుడప్పుడు ప్రొపెల్లర్ విప్పి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఉప్పునీటిలో వాడితే మంచినీళ్లతో కడగాలి, జింకు ముక్క బిగించుకోవాలి. జింకు తాను తినేయబడి మిగతా లోహాన్ని కాపాడుతుంది. ఈ ఉపాయం హంఫ్రీ డేవీ 1824లో బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగు కోసం కనిపెట్టాడు. రాగి నిజంగానే కరగకుండా నిలిచింది. కానీ కరిగే రాగి విషం వల్లే అన్నాళ్లూ దూరంగా ఉన్న గుల్లలు ఇప్పుడు హాయిగా అతుక్కుని ఓడల వేగం తగ్గించాయి. సీసపు బ్యాటరీ వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: మూసిన పడవ బొజ్జలో దాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు. అది వదిలే హైడ్రోజన్‌కు బయటికి పోయే దారి, నిప్పురవ్వకు దూరం రెండూ కావాలి.

చట్టం దృష్టిలో మోటారు తగిలించిన మరుక్షణం కయాక్ జాతి మారిపోతుంది. టెక్సస్‌లో తెడ్డు కయాక్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న ట్రోలింగ్ మోటారు బిగిస్తే కావాలి. మరోవైపు పెట్రోలు ఇంజిన్లను రానివ్వని తాగునీటి సరస్సులు ఎలక్ట్రిక్ మోటారుకు దారి వదులుతాయి. జర్మనీలో స్టార్న్‌బెర్గ్ సరస్సు మీద ఇంజిన్లకు అనుమతులు కొద్దిగానే ఇస్తారు. ఎలక్ట్రిక్ పడవ మోటార్లకు పేరుపడ్డ టార్కీడో కంపెనీ 2005లో ఆ సరస్సు ఒడ్డునే పుట్టింది.

ఇక్కడ ఇచ్చిన న్యూటన్లూ వాట్లూ మీ పడవవి కావు. మీవి మీరే కొలుచుకోవచ్చు, ఖర్చు తక్కువ. బ్యాటరీకీ మోటారుకీ మధ్య వాట్‌మీటరు పెట్టండి, ఫోనులో జీపీఎస్ వేగం చూపే యాప్ తెరవండి. గాలి లేని ఉదయం, నిలకడ నీటిలో, పూర్తి సామానుతో, నాబ్‌ను ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతి మెట్టుకూ ఇటొకసారి అటొకసారి పోయి, రెండు వేగాల సగటును వాట్ల పక్కన రాయండి. వాట్లను వేగంతో భాగిస్తే కిలోమీటరుకు ఎన్ని వాట్-అవర్లో వస్తుంది. ఆ వరుసలో ఒకచోట నుంచి వేగం కాస్త పెరగడానికే వాట్లు బాగా పెరుగుతాయి. ఆ మెట్టు దగ్గర నాబ్ మీద శాశ్వత ఇంకుతో ఒక గీత గీసుకోండి. తెడ్డును మాత్రం ఇంట్లో వదిలి రావద్దు.